చలికి ఇంకో చెంచా

క్రిందటి వారం మీరు నన్ను టోలెఫ్సన్ వాళ్ళ ఇంటి ముందు, మోకాలిలోతు మంచులో, కారు తలుపు పట్టుకుని నిలబడ్డచోట వదిలి వెళ్ళారు. అక్కడి నుంచే ఎత్తుకుంటాను. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం మాత్రం నాలుగు ముక్కలు చెప్పాలి, పాతవాళ్ళు విసుక్కోకండి.

నా పేరు అర్లిస్. మా జిల్లా తల్లీపిల్లల క్లినిక్‌లో ఇరవయ్యారేళ్ళుగా పసిపిల్లల్ని తూచే పని నాది. తూచిన బరువుకి ఎదుగుదల పటం మీద చుక్క పెట్టడం, చుక్కా చుక్కా కలిపి గీత గీయడం. డేనికా టోలెఫ్సన్ కూతురు మారిట్‌కి ఏడు నెలలు. తల్లిపాల మీదే పెరుగుతోంది. నాలుగో నెల నుంచి పిల్ల గీత కిందికి వంగుతూ వచ్చింది. డబ్బా పాలు పట్టమని డేనికాకి మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ "పిల్ల హుషారుగానే ఉందండీ, వద్దు" అంది. ఈ సోమవారం తూకానికి కూడా రాలేదు. నాకు ఒళ్ళు మండింది. 'తల్లి చెప్పిన మాట వినడం లేదు, పిల్ల బరువు పడిపోతోంది, విచారించండి' అని కాగితం రాసి, సంతకం పెట్టి, శిశు సంరక్షణ ఆఫీసుకి పంపేశాను. ఆ ఆఫీసు వాళ్ళు తలుచుకుంటే పిల్లని తల్లి ఒళ్ళోంచి తీసుకుపోగలరు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే పంపాను.

బుధవారం నన్ను మా రాష్ట్ర రాజధాని మాడిసన్‌లో శిక్షణకి పంపారు. అక్కడొకావిడ తెర మీద రెండు పటాలు పక్కపక్కన వేసి చూపించింది. మేం ఇన్నేళ్ళుగా వాడే పటం గీయడానికి తూచిన పిల్లల్లో ఎక్కువమంది డబ్బా పాల పిల్లలేనట. డబ్బా పాలలో ప్రోటీన్ ఎక్కువ కాబట్టి వాళ్ళు మూడో నెల దాటాక గబగబా బరువెక్కుతారు. వాళ్ళ పక్కన తల్లిపాల పిల్లని నిలబెడితే, ఎంత ఆరోగ్యంగా ఉన్నా చిక్కిపోతున్నట్టే కనిపిస్తుంది. తల్లిపాల పిల్లల్ని తూచి గీసిన కొత్త పటం అప్పటికే వచ్చేసింది. మా క్లినిక్‌దాకా రాలేదంతే. మధ్యాహ్నం భోజనం మానేసి మారిట్ చుక్కలన్నీ ఆ కొత్త పటం మీద పెట్టుకుని చూశాను. మధ్య గీతకి కాస్త కింద, దాన్ని అంటిపెట్టుకుని, పిల్ల చక్కగా నడిచిపోతోంది. పిల్లలో లోపం లేదు, తల్లిలో లోపం లేదు.

గురువారం పొద్దున్నే నా కాగితం వెనక్కి తీసుకుంటానని చెప్పడానికి శిశు సంరక్షణ ఆఫీసుకి మూడుసార్లు ఫోను చేశాను. మూడుసార్లూ మిషనే పలికింది. ఇక లాభం లేదనుకుని, డేనికాకి నా నోటితోనే చెప్పేద్దామని, మైనస్ పాతిక చలిలో కారు తీశాను. అదీ ఇంతవరకూ జరిగింది.

తలుపు తీసింది డేనికా కాదు. అత్తగారు లవోన్. నేనూ లవోనూ ఒకే బడి, ఒకే చర్చి. నలభై ఏళ్ళుగా ఒకరి వంటలకి ఒకరం వంకలు పెట్టుకుంటూ బతికిన స్నేహం మాది. దూడల పెంపకంలో మా జిల్లాలో ఆమెని మించినవాళ్ళు లేరు.

"ఏమే, దారి తప్పావా? ఈ చలిలో కుక్క కూడా బయటికి రాదు. రా రా, కాఫీ పోస్తాను."

"వద్దులే లవోన్."

"ఉన్నదే పోస్తున్నాను, కొత్తగా పెట్టటంలేదు."

"వద్దులే, నిజంగా."

"నిమ్మకాయ కేకు ముక్కలు కూడా ఉన్నాయి. సగం తిను."

మూడోసారి అడిగింది కాబట్టి ఒప్పుకుని కూర్చున్నాను. మొదటిసారే ఒప్పుకుంటే మావాళ్ళు ఆశపోతు అంటారు. ఆ మూడుసార్ల మర్యాద అయ్యేసరికి ఐదు నిమిషాలు పోయాయి. ఆ ఐదు నిమిషాలు ఇప్పటికీ నాకు గుర్తొస్తాయి.

"డేనికా ఏదీ?"

"జున్ను ఫ్యాక్టరీలో. ఒంటిగంటకి దిగుతుంది. వచ్చేస్తూ ఉంటుంది. మా అబ్బాయి కోల్ పాల ట్యాంకరు తీసుకుని తెల్లవారగానే పోయాడు. పిల్లా నేనే రాజ్యం ఏలుతున్నాం."

మారిట్ పొయ్యి పక్కన బుట్టలో పడుకుని ఉంది. పలకరిద్దామని వంగాను. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి గాని నన్ను చూడటంలేదు. పెదవులు ఎండి పొక్కు కట్టాయి. వేలితో నడినెత్తి తడిమాను. గుంటపడి ఉంది. ఇరవయ్యారేళ్ళలో ఎన్ని వందల నెత్తులు తడిమానో నాకే తెలియదు, ఇలా గుంటపడ్డవి నాలుగో ఐదో ఉంటాయి. 

"లవోన్, పిల్ల ఉచ్చ ఎప్పుడు పోసింది?"

"పొద్దున్న ఒకసారి. కాస్త పచ్చగా పోసింది."

"తర్వాత?"

"లేదు. మంగళవారం నుంచి విరేచనాలు కూడా పట్టుకున్నాయి, పళ్ళు వస్తున్నట్టున్నాయి. ఎందుకే అలా చూస్తావు?"

సరిగ్గా అప్పుడే వెనక తలుపు తెరుచుకుని డేనికా వచ్చింది. బూట్లు విప్పుతూనే కోటు గుండీలు తీసుకుంటోంది. ఇరవై మూడేళ్ళ పిల్ల, ఎర్రబడ్డ ముక్కు, జుట్టుకి ఇంకా ఫ్యాక్టరీ వల. నన్ను చూడగానే మొహం ముడుచుకుంది.

"ఇంటికి కూడా వచ్చేశారా అర్లిస్ గారూ? త్రాసు కూడా తెచ్చారా? సోమవారం కారు స్టార్ట్ కాలేదండీ. ఫోన్ చేసి చెప్పాను, మీ వాళ్ళు రాసుకోలేదేమో."

నేను బుట్ట వైపు చూపించాను. "డేనికా, ముందు పిల్లకి పాలివ్వు."

"అదే చెయ్యబోతున్నాను. దారి పొడుగునా చేపుకొస్తూనే ఉన్నాయి, చొక్కా అంతా తడిసింది." బుట్టలోంచి పిల్లని ఎత్తి రొమ్ముకి పెట్టుకుంది. మారిట్ పట్టుకోలేదు. తల పక్కకి వాల్చేసి ఏడ్చింది. అది ఆ వయసు పిల్ల ఏడుపులా లేదు, సన్నగా, గీరుకున్నట్టు ఉంది.

"దీనికేమైంది? అత్తయ్యా, ఇదేంటి ఇలా ఉంది? పొద్దున్న ఎంత తాగింది?"

"బాగానే తాగింది," అంది లవోన్, కాఫీ కప్పు తుడుస్తూ.

డేనికా పిల్లని భుజాన వేసుకుని ఫ్రిజ్ తెరిచింది. లోపల ఆమె పిండి పెట్టిన పాల సీసాలు, ఒక్కొక్కదాని మీద తేదీ కాగితం అంటించి, వరసగా ఉన్నాయి. ఒకటి తీసింది. ఇంకోటి తీసింది.

"ఇది మంగళవారానిది. ఇది నిన్నటిది. ఇవి ఈరోజువి. ఒక్కటీ ఖర్చు కాలేదేం?"

లవోన్ తుడిచిన కప్పునే మళ్ళీ తుడిచింది.

"నా బిడ్డకి ఏం పట్టారు మీరు?"

అంత నెమ్మదిగా అడిగితే అరిచినదానికంటే భయం వేస్తుంది. లవోన్ కప్పు బల్ల మీద పెట్టి, అలమరా తెరిచి, పిండి డబ్బా పక్కకి జరిపి, వెనకనుంచి పాలపొడి డబ్బా తీసింది. పసిపిల్లల పొడే. సగానికి పైగా అయిపోయింది.

"తిట్టాలంటే తిట్టు. నేను చూస్తూ ఊరుకోలేకపోయాను," అంది. "ఈ ఇంట్లో ముప్ఫయ్యేళ్ళలో నా చేతుల్లో ఒక్క దూడ ఆకలికి పోలేదు. నా మనవరాలు పోవాలా? నీ పాలల్లో బలం లేదమ్మా అని నీ మొహం మీద ఎలా అనను? బాధపడతావని దాచి పట్టాను. రెండు వారాలైంది. నీ సీసాలు పారబోస్తూ వచ్చాను, పిల్లకి విరేచనాలు మొదలైన దగ్గర్నుంచి అదీ మరిచాను."

"ఎన్ని చెంచాలు వేశావు?" అన్నాను నేను.

"ఏంటి?"

"నాలుగు ఔన్సుల నీళ్ళకి ఎన్ని చెంచాల పొడి వేశావు, లవోన్?"

"డబ్బా మీద రెండు అని రాసి ఉంది. నేను మూడు వేశాను. చలి ముదిరింది కదా, సోమవారం నుంచి నాలుగు."

డేనికా నా మొహంలోకి చూసింది. నాకు అప్పటికే విషయం అర్థమైపోయింది. మా వైపు పాలదొడ్డి ఉన్న ఏ ఇంట్లో ఎవర్ని అడిగినా చెబుతారు. చలి ముదిరితే దూడలకి పాలు కలిపే బకెట్లో పొడి ఒక గరిటె ఎక్కువ వేస్తారు. దూడ ఒళ్ళు వెచ్చగా ఉంటుంది, బరువు పడిపోదు. 'చలికి ఇంకోటి' అంటారు. అది ఇక్కడి ఆడవాళ్ళ చేతికి అలవాటైపోయిన పని, ఆలోచించి చేసేది కాదు.

"అది దూడ కాదే!" అని అరిచాను. ఎప్పుడూ అరవని దాన్ని, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "తల్లిపాలలో ప్రోటీన్ ఒక వంతు అనుకో. చెప్పినట్టు కలిపినా ఆ డబ్బాలో ఒకటిన్నర వంతు. నువ్వు రెట్టింపు పొడి వేశావు. మూడు వంతులు! ఆవు తన దూడకిచ్చే పాలంత. దూడ రెండు నెలల్లో రెట్టింపు బరువవుతుంది, దానికి అది కావాలి. మనిషి పిల్లకి రెట్టింపు కావడానికి ఐదు నెలలు పడుతుంది. ఆ ప్రోటీనూ ఆ ఉప్పులూ బయటికి తొయ్యాలంటే ఒంట్లో నీళ్ళుండాలి. పైగా విరేచనాలు. పిల్ల ఒంట్లో నీళ్ళు అయిపోయాయి లవోన్!"

లవోన్ మొహం తెల్లబడింది. కానీ ఆమె టోలెఫ్సన్ ఇంటి ఆడది, అంత తేలిగ్గా కూలిపోదు. వేలెత్తి నా వైపు చూపించింది.

"నువ్వా నన్ను అడిగేది? నీ క్లినిక్‌లో ఆ పటం నా ముందర పరిచి, ఆ గీత చూపించి, ఏమన్నావు నువ్వు? గుర్తు తెచ్చుకో."

నాకు గుర్తు తెచ్చుకోవలసిన అవసరం లేదు.

"'వెనకపట్టు పట్టింది' అన్నావు. ఆ మాటే అన్నావు. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినదానివి, దూడ వెనకపట్టు పట్టిందంటే దానర్థం ఏంటో నీకు తెలియదూ? ముద్ద ముట్టదు, లేవదు, మూడో రోజుకి గొయ్యి తవ్వుకోవాలి. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టిందనుకుంటున్నావా? వెనకపట్టు పట్టిన దూడకి ఏం చేస్తానో అదే చేశాను. చెప్పింది నువ్వు, చేసింది నేను!"

 ఇరవయ్యారేళ్ళుగా ఆ మాట ఎందరి ముందు ఎంత తేలిగ్గా వాడేశానో. గీత కాస్త వంగితే చాలు, పెన్ను కొనతో చూపించి 'ఇదిగో, వెనకపట్టు' అనేదాన్ని. ఎదురుగా కూర్చున్నవాళ్ళకి ఆ మాటతో చచ్చిన దూడ కళ్ళ ముందు కనిపిస్తుందని ఒక్కసారి కూడా తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"అదే చెప్పడానికి వచ్చాను," అన్నాను. "పటం తప్పు. అది డబ్బా పాల పిల్లల్ని చూసి గీసిన పటం. సరైన పటం మీద మారిట్ వెనకపట్టు పట్టలేదు. ఎప్పుడూ పట్టలేదు. తల్లిపాల పిల్ల ఎలా పెరగాలో అలాగే పెరుగుతోంది."

డేనికా కదలకుండా నిలబడిపోయింది. పిల్ల ఆమె భుజం మీద మూలుగుతోంది.

"అంటే నా పాలు సరిపోయాయా?" అంది.

"సరిపోయాయమ్మా."

"మొదటినుంచీనా?"

"మొదటినుంచీ."

"ఫ్యాక్టరీలో మరుగుదొడ్డిలో కూర్చుని పంపు పెట్టుకునేదాన్ని. నాలుగు చుక్కలు ఎక్కువ రావాలని, పాలు పడతాయంటే ఓట్స్, మెంతులు, ఆ చేదు టీలు అన్నీ మింగాను. ఎన్నిసార్లు ఏడ్చానో మీకు తెలుసా? కోల్‌ని కూడా దగ్గరికి రానివ్వలేదు, ఒళ్ళంతా ఓడిపోయినట్టుండేది. సరిపోయాయా!" ఆమెకి నవ్వో ఏడుపో తెలియనిదొకటి వచ్చింది. "మీ ఇద్దరూ కలిసి నా బిడ్డని ఏం చేశారు?"

లవోన్ కుర్చీలో కూలబడింది. నేను ఆస్పత్రికి ఫోన్ చేశాను. అవతలి నర్సు నేను చెప్పింది విని, ఎన్ని చెంచాలో, ఎన్ని రోజులో రెండుసార్లు అడిగి, "వెంటనే బయల్దేరండి, దారిలో మంచినీళ్ళు మాత్రం పట్టకండి, ఒంట్లో ఉప్పు ఒక్కసారిగా తగ్గితే ఫిట్స్ వస్తాయి, తల్లి రొమ్ము పట్టుకుంటే పట్టుకోనివ్వండి" అంది. మా ఊరి అంబులెన్సు నడిపేవాళ్ళు ఎవరి పనుల్లో వాళ్ళుంటారు, పిలిస్తే వచ్చేసరికి గంట. ఆస్పత్రి ఇరవై రెండు మైళ్ళు. నా కారుకి మంచు టైర్లున్నాయి.

నిజం చెప్పాలంటే ఆ కాగితం సంగతి అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది. కానీ డేనికాకి పిల్లని దుప్పట్లో చుట్టడం కూడా రావటంలేదు. ఇప్పుడు కాదు, పిల్లకి సెలైన్ ఎక్కాక చెబుదాంలే అనుకున్నాను. పిరికితనానికి ఎప్పుడూ ఏదో ఒక మంచి కారణం దొరుకుతుంది.

"నేనూ వస్తాను," అంటూ లవోన్ కోటు అందుకుంది.

"మీరు రావద్దు," అంది డేనికా, వెనక్కి తిరిగి చూడకుండా.

పిల్లని కారు సీట్లో కట్టి, డేనికా పక్కనే వెనక కూర్చుంది. నేను ఇంజన్ వేస్తూ ఉండగా లవోన్ ఒట్టి సాక్సులతో మంచులోకి పరిగెత్తుకొచ్చింది. వెనక అద్దం దింపించి, పాలపొడి డబ్బా డేనికా ఒళ్ళో పడేసింది.

"వాళ్ళు అడుగుతారు. ఇది చూపించు. నాలుగు చెంచాలు వేసింది మా అత్త అని చెప్పు. నీ పేరు మాత్రం రానీకు, వింటున్నావా? నా పేరే చెప్పు."

డేనికా జవాబివ్వలేదు. కానీ డబ్బా కింద పడెయ్యలేదు కూడా. నేను కారు కదిలించాను.

టోలెఫ్సన్ వాళ్ళ ఇంటి నుంచి పెద్ద రోడ్డుకి అరమైలు బాట. రెండు పక్కలా మంచు మనిషి ఎత్తున తోసి ఉంది, మధ్యలో ఒక్క కారు పట్టేంత సందు. సగం దూరం వెళ్ళామో లేదో, పెద్ద రోడ్డు మీంచి తెల్ల కారొకటి బాటలోకి తిరిగి ఎదురుగా వచ్చి ఆగింది. తలుపు మీద జిల్లా ముద్ర. ఆ కారు ఏ ఆఫీసుదో నాకు చూడగానే తెలిసిపోయింది. 

"ఎవరు వాళ్ళు? పక్కకి తియ్యమనండి!" అంది డేనికా.

హారన్ కొట్టాను. తెల్ల కారు కదల్లేదు. నేను దిగి, తలుపు వేసి, చేతులు ఊపుతూ పరిగెత్తాను. "వెనక్కి పోనివ్వండి! పిల్లని ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం!"

నీలం కోటు వేసుకున్న నడివయసు ఆవిడ అప్పటికే దిగిపోయింది. మంచి మనిషిలాగే ఉంది. "పిల్లకి బాగాలేదా? ఎవరి పిల్ల?" అంటూ నన్ను దాటుకుని మా కారు దగ్గరికి వెళ్ళింది. వెనక అద్దంలోంచి లోపలికి చూసింది. వేలాడిపోతున్న తల, ఎండిపోయిన పెదవులు, తల్లి ఒళ్ళో పాలపొడి డబ్బా, అన్నీ చూసింది. మొహం మారిపోయింది.

"డేనికా టోలెఫ్సన్ మీరేనా?"

"అవును. దయచేసి దారివ్వండి."

"ఇస్తాను. మీ వెనకే వస్తాను కూడా. ఈ పిల్లకి మీరు సరిగ్గా పాలు పట్టడం లేదని మాకు ఫిర్యాదు అందింది. డాక్టరు చూసేదాకా పిల్లతో మిమ్మల్ని ఒంటరిగా వదలడానికి నాకు వీల్లేదమ్మా."

"ఫిర్యాదా? ఎవరిచ్చారు?"

"పేరు చెప్పకూడదు. అది మా నియమం."

నిజమే, వాళ్ళు చెప్పరు. నోరు మూసుకుని ఉంటే ఈ జన్మకి ఎవరికీ తెలియదు. డేనికా అత్తగారినే అనుమానిస్తుంది. ఎలాగూ ఆమె మీద మండిపడుతూనే ఉంది కదా. ఆ ఆలోచన నాకు వచ్చింది, రాలేదని అబద్ధం ఆడను. ఆ వెంటే సాక్సులతో మంచులో నిలబడ్డ లవోన్ కళ్ళ ముందు మెదిలింది.

"నేనే," అన్నాను. "సోమవారం నేనే రాసిచ్చాను డేనికా. ఆ పటం చూసి, నీ మాట నమ్మకుండా, నేనే రాశాను."

డేనికా అద్దంలోంచి నా వైపు చూసింది.  చెయ్యి చాపి ముందు సీట్ల మధ్యలోని తాళాల మీట నొక్కింది. నాలుగు తలుపులకీ ఒకేసారి టక్కున తాళం పడింది. తాళంచెవి లోపలే ఉంది, ఇంజన్ తిరుగుతూనే ఉంది, నేనూ నీలం కోటు ఆవిడా బయట ఉన్నాం.

"డేనికా, తలుపు తియ్యి! తర్వాత నన్ను చంపుదువుగాని, ముందు తలుపు తియ్యి!" అని అద్దం మీద బాదాను. ఆమె బిడ్డ మీదికి వంగిపోయి, రెండు చేతులతో కప్పుకుంది.

అప్పటిదాకా అద్దంలోంచి సన్నగా వినిపిస్తున్న మారిట్ ఏడుపు ఆగిపోయింది.